తోతారామ్ ఇంట్లో ఇరవైతొమ్మిది మంది

టొరంటోలో తోతారామ్ సుఖ్‌దేవ్ ఇంట్లో పొద్దున్నే స్నానాలగది ముందు పెద్ద వరస ఉండేది. తాతలు చెరకు కూలీలుగా వెళ్లిన గయానా నుంచి వచ్చాక ముప్పై ఏళ్లలో ఆయన వేసిన వేషాలన్నీ, నాటకం అయిపోయాక పోవడానికి చోటులేక, ఆయన వెంటే ఇంటికొచ్చేశాయి. టాక్సీవాళ్లు పధ్నాలుగుమంది, కొట్టువాళ్లు తొమ్మిదిమంది, మొదటి అంకంలోనే చచ్చిపోయే డాక్టర్లు ఆరుగురు. మొహాలన్నీ ఆయనవే. ఒక్కడికీ పేరు లేదు.

"ఈసారైనా బతికుండే వేషం తీసుకురావయ్యా! ఈ డాక్టర్లు మాటిమాటికీ గుండె పట్టుకుని సోఫాలో కూలిపోతున్నారు," అని భార్య సుమింత్ర విసుక్కుంటూనే అందరికీ పప్పు రొట్టెలు కాల్చేది.

తోతారామ్ సామాన్యుడా! ఆయన గొంతెత్తితే మూడో వరసలో టోపీలు లేచిపోయేవి, సరస్సు అవతల అమెరికా ఒడ్డున కుక్కలు మొరిగేవి. అలాంటి గొంతుకి ముప్పై ఏళ్లుగా నాటకశాలవాళ్లు పడేసింది "అలాగే సార్" అన్న ఒక్క మాట!

ఆ మంటతోనే నాటకం రాశాడు. గయానా చెరకుతోటలో సమ్మె. ఇరవైతొమ్మిది మంది కూలీలు, అందరికీ పేర్లు. వాళ్ల నాయకుడు తనే.

మొదటిసారి అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదివే రోజున, నాటకశాల పెద్ద ప్రింగిల్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"బాగుంది తోతా. కాకపోతే కథ తోట దొర వైపు నుంచి నడుపుదాం. కూలీలు ముగ్గురు చాలు. పేర్లెందుకు, జనానికి నోరు తిరగదు. నువ్వు దొర నౌకరు."

"నాయకుడో?"

"తీసేద్దాం. అయినా మీ మొహాలవాళ్లని ముప్పైమందిని నేనెక్కణ్ణుంచి తేను?"

"నువ్వు తేనక్కర్లేదురా!"

ఆ అరుపుకి కిటికీ అద్దాలు రాలాయి. ఏడు వీధుల అవతల రొట్టె కాలుస్తున్న సుమింత్రకి వినబడింది. చేతికంటిన పిండైనా కడుక్కోకుండా ఇంట్లో ఉన్న వేషాలందరినీ తోలుకొచ్చింది.

"కూర్చోండి. తలా ఒక కాగితం తీసుకోండి," అంది.

ప్రింగిల్ అదనంగా కుర్చీలు వేయించాడు.

ఒక టాక్సీవాడు గొంతు సవరించుకున్నాడు. "నేను ఝగ్రూని." అనగానే వాడి ముక్కు కాస్త వంగింది, చెంపన మచ్చ మొలిచింది. "నేను రాంపర్తాప్‌ని," అన్నాడో కొట్టువాడు. బట్టతల వచ్చేసింది. డాక్టర్లు ఒక్కొక్కరే లేచి పేరు చెప్పారు. ఎవడూ పడిపోలేదు.

ఆఖరివాడూ చెప్పాక, తోతారామ్ మొహం ఆ గదిలో ఒక్క తోతారామ్‌కే మిగిలింది.

ప్రింగిల్ కాగితం తిప్పాడు.

"సుఖ్‌దేవ్ గారూ, ఇక్కడ నాయకుడు మాట్లాడాలి. కానివ్వండి."