గడప లేని గోడ

ఫోను మోగేసరికి అమూల్య అరచేతుల నిండా అప్పుడే రుబ్బి పెట్టిన మైదాకు. వేళ్లన్నిటికీ పచ్చటి గోరింటాకు టోపీలు. ఇక చేసేదేముంది? వంగి, ముక్కుతో తెర మీద రాసింది. ఫోను కలిసింది.

"అమూ! మనదే! గోడ మనదేనే!"

అటు నుంచి ఇక్రా అరిచిన అరుపుకు వికారాబాద్‌లో ఆ వంటింటి గిన్నెలు కదిలినంత పనైంది.

ఇక్రా తాండూరు పిల్ల, డిగ్రీలో అమూల్యకు జత. తాండూరులోకి వచ్చే పెద్ద రోడ్డు పక్కన పొడుగాటి ప్రహరీకి మున్సిపాలిటీ వాళ్లు సున్నం వేయించి, ఈ ప్రాంతం కథంతా దాని మీద బొమ్మలుగా గీసేవాళ్లు కావాలన్నారు. ఇద్దరూ కలిసి నమూనా గీసి పంపారు. ఒక కొసన అనంతగిరి గుట్టల్లో మూసీ పుట్టడం, ఆ తర్వాత బండల గనులు, రైలు, పీర్ల పండుగ, బతుకమ్మ, చివరన పసుపు పూల కంది చేను. తలంబ్రాలు పోసేటప్పుడు కూడా పెళ్లికూతురి ధ్యాస సగం ఆ గోడ మీదే ఉందని అమూల్య మొగుడు ప్రణయ్ ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు.

అమూల్య కూర్చున్న పీట మీది నుంచి ఒక్క గెంతు గెంతింది.

"ఎగురకు బిడ్డా, మైదాకు రాలుతది!" అని వాళ్లమ్మ మొత్తుకుంది.

"గని ఒక్క మాటనే," ఇక్రా గొంతు తగ్గించింది. "రేపే షురూ చెయ్యాలంట. వాన జర తెరిపిచ్చింది గద. బోనాల ఊరేగింపు గా తొవ్వనే పోతది, గంతలోపు అయిపోవాలన్నరు. రేపు మనిద్దరం నిలబడకుంటే వేరే బ్యాచ్‌కు ఇచ్చేస్తరంట. వాళ్లు ఏ ఊర్ల గీసినా గవే నెమళ్లు, గవే తామరపూలు. నువ్వు ఎట్లన్న జేసి రా."

ఫోను పెట్టేశాక అమూల్య గెంతులు ఆగిపోయాయి. ఆషాఢ మాసం. పెళ్లయిన మొదటి ఆషాఢం కొత్త కోడలు పుట్టింట్లోనే గడపాలి. అత్తాకోడళ్లు ఒకే గడప దాటరాదు, ఆలుమగలు ఎదురుపడరాదు. రైలెక్కితే కునుకు పట్టేలోపు వచ్చే అత్తగారి ఊరు తాండూరు, ఈ నెల మటుకు కాశీ కన్నా దూరం.

"ఆషాడంల అత్తగారి ఊరికి పోతవా?" వాళ్లమ్మ నోరు నొక్కుకుంది. "మీ అత్త ఏమనుకుంటది? నెల రోజులు పిల్లను పట్టుకోలేకపోయిండ్రు అంటది."

"అమ్మా, గోడమ్మా!"

"గోడ లేదు, గీడ లేదు."

అంతలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి వాళ్లమ్మే నొక్కి, స్పీకర్ పెట్టి, బిడ్డ ముఖం ముందు పట్టుకుంది.

"బంగారం! ఇక్రా చెప్పింది! రేపు వస్తున్నవ్ గద? నిన్ను చూడక పానం కొట్టుకుంటుంది. అన్నం గూడ సైస్తలేదు..."

"బంగారం ఈడనే ఉంది బాబూ," అంది వాళ్లమ్మ. "ఫోను నేను పట్టుకున్న."

అటు ప్రణయ్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత బడిలో పాఠం అప్పజెప్పే గొంతు వినిపించింది. "నమస్తే అత్తమ్మా. ఆరోగ్యం మంచిగుందా?"

అమూల్యకు నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు లేవాయె.

"అమ్మను అడగాలె," అన్నాడు ప్రణయ్. "నేను అడిగితే నా కోసమే అడుగుతున్న అనుకుంటది. నువ్వే అడుగు."

అత్తగారు మనోరమ గోళ్లు తీసుకోవడానికి కూడా వారం చూసుకునే మనిషి. ఫోను ఆమె చేతికి వెళ్లింది. అమూల్య ఊపిరి తీసుకోకుండా గోడ సంగతి, బోనాల సంగతి, నెమళ్ల సంగతి అంతా చెప్పేసింది.

"గా గోడ ఏడుంది?" అటు ఎక్కడో బండలు కోసే మిషన్ చప్పుడు మీదుగా మనోరమ అడిగింది.

"రోడ్డు పక్కన, అత్తమ్మా."

"గీసుడు లోపటి దిక్కా, బయటి దిక్కా?"

"బయటనే. లోపటికి పోయే పనే లేదు."

"దానికి గడపుందా?"

"గోడకు గడపేంది అత్తమ్మా!"

"మరి మనం దాటేదేముంది? పెద్దలు గడప దాటొద్దన్నరు గని, గోడలకు రంగులెయ్యొద్దనలే."

అమూల్య వేసిన కేకకు పెరట్లో కాకులు లేచిపోయాయి.

"ఆగు, ఇను. మా ఇంటి దిక్కు తొంగి చూసేది లేదు. పొద్దుగూకంగనే వాపస్ బండి ఎక్కాలె."

"అమ్మా, నేను నిచ్చెన పట్టుకుంట!" వెనక నుంచి ప్రణయ్ కేకేశాడు.

"నువ్వు రోడ్డుకు అవతలి పక్కన నిలవడు. నడుమ నేను కుర్చేసుకోని కూసుంట." మనోరమ మళ్లీ కోడలి వైపు తిరిగింది. "గని అమూల్యా, కందికి ఎంత జాగ ఇచ్చినవ్?"

అమూల్య నాలుక కరుచుకుంది. "గదే... కొసకు జర..."

"జరనా! మరి గుట్టలకు?"

"సగం గోడ."

"మా తాండూరు గోడ మీద మీ వికారాబాద్ గుట్టలకు సగమా! ఊరు మాది, గోడ మాది, మా కందేమో మూలకా?"

వాళ్లమ్మ ఊరుకోలేకపోయింది. ఫోను తన నోటి దగ్గరికి లాక్కుంది. "వదినే, గుట్ట తగ్గిస్తే మూసీ ఏడ పుట్టాలె?"

"పుట్టనీయుండ్రి. గని దేశమంత ఉడకబెట్టుకునేది మా పప్పే గద!"

"నీళ్లు లేంది ఏ పప్పు ఉడుకుతది?"

"అయితే మీరు గూడ రాండ్రి వదినా, గోడ కాడనే తేల్చుకుందాం!"

"వస్త! ఎందుకు రాను!"

ఆషాఢం, అత్తగారి ఊరు, నలుగురి మాట అన్నీ మరిచి వాళ్లమ్మ అల్మారలో రేపటి చీర వెతకడానికి లేచింది. వెళ్లేముందు, అమూల్య బతిమాలగా, ఇక్రా నంబరు నొక్కి ఫోను కిటికీలో ఆనించి పోయింది.

"ఇక్రా, రేపు పొద్దుగాల ప్యాసింజర్‌కు దిగుతం. నిచ్చెన తెచ్చిపెట్టు, సుద్దముక్కలు తే, కుర్చీలు రెండు తే."

"కుర్చీలెందుకే?"

"ఒకటి తాండూరుకు, ఒకటి వికారాబాద్‌కు. గుట్టలు జర కిందికి దించుదాం, కందిని మస్తుగ పెంచుదాం. ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను పడత. పొద్దు వంగేసరికి నడుమ రైలు కాడ కలుసుకోవాలె."