చిన్న పోటు రోజులు

“ఎవరూ లేని గదిలో అదొక్కటే నడుస్తోందని నేనే స్విచ్ తీసేశానమ్మా. పొద్దున్నుంచీ ఒకటే రొద,” అంది అత్తయ్య, నేను ఇంకా చెప్పులైనా విప్పకముందే. మామయ్యని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, ఆయన మందుల సంచీ బల్ల మీద పెట్టి, అప్పటికి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు నేను. ఆదివారం పూట రక్తపరీక్షకి తీసుకెళ్లాల్సింది ఆయన కొడుకు. ఆ కొడుకు వారమంతా అలసిపోయి పడుకున్నాడు. వారమంతా నేనూ ఆఫీసుకి వెళ్లాననే సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఒక్కోసారి నాకూ గుర్తుండదు.

గదిలోకి పరుగెత్తాను. ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది. దాని బ్యాటరీ ఏడాది కిందటే చచ్చిపోయింది. “ఎలాగూ ఇంట్లోనేగా వాడేది, ప్లగ్గు పెట్టుకుని వాడుకో,” అన్నాడు మా ఆయన అప్పట్లో. శుక్రవారం రాత్రి మొదలుపెట్టిన లెక్క అది. ముప్పై ఎనిమిది గంటలు నడిచింది, ఇంకో మూడు గంటలు నడిస్తే అయిపోయేది. ఎప్పటికప్పుడు దాచుకుంటూ నడిపే వీలుంది, కానీ ఈ ముసలి మిషన్ మీద అలా చేస్తే రెట్టింపు సమయం పడుతుందని ఆ ఏర్పాటు నేనే తీసేశాను. కాబట్టి తప్పు నాది కూడా. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఎవరో ఒకరు చెబుతారు.

నా పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. “కంప్యూటర్లో నీళ్లు చూస్తుంది,” అంటుంది అత్తయ్య చుట్టాలతో. అంతకన్నా బాగా నేనూ చెప్పలేననుకోండి. నది సముద్రంలో కలిసే చోట నీళ్లు ఒకే దిక్కుకి పారవు. పోటు వస్తే పైకి ఎగదన్నుతాయి, ఆటు వస్తే దిగిపోతాయి. ఆ చోటునంతా వేల ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏ నిమిషాన ఎంత లోతు, ఎంత వేగం, ఎంత ఉప్పు, ఎంత మురికి అని లెక్క కట్టడం నా ఉద్యోగం. ఊరి మురుగునంతా శుద్ధి చేశామని చెప్పి, ఒక గొట్టంలోంచి నది మలుపులో వదలాలని చూస్తున్నారు. మలుపులోనే వదలొచ్చా, ఇంకా దూరం సముద్రంలోకి లాక్కెళ్లాలా అన్నది మా నివేదిక చూసి కమిటీ తేలుస్తుంది. సోమవారం, పదకొండు గంటలకి.

మా సంస్థ పెద్దసారు మలుపులోనే అని ఎప్పుడో తేల్చేశాడు. ఆయన దగ్గరున్నది రెండు రోజుల లెక్క. ఆ రెండూ పున్నమి పక్క రోజులు, పోటు బలంగా ఉండే రోజులు. అప్పుడు ఎంత మురికైనా చీపురుతో ఊడ్చినట్టు సముద్రంలోకి పోతుంది. ఆకాశంలో సగం చంద్రుడున్నప్పుడు పోటు నీరసంగా ఉంటుంది. ఆ రోజుల్లో మలుపులో ఏమవుతుందో తెలియాలంటే నెల రోజుల లెక్క కావాలి. మొదటి పక్షం లెక్క కుదురుకోవడానికే సరిపోతుంది, రెండో పక్షంలో గాని అసలు సంగతి బయటపడదు. “నెలెందుకమ్మా? నీళ్లు నీళ్లేగా! మీ ఆడవాళ్లకి అన్నిటికీ అనుమానమే,” అని నవ్వి, ఆఫీసు మిషన్‌ని మీటింగుకి రంగుల బొమ్మలు చెయ్యడానికి ఇచ్చేశాడు. అందుకే ఇంట్లో, అత్తయ్య కుట్టుమిషన్ పక్కన పెట్టుకుని నడిపాను.

ఆ అనుమానం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఆ మలుపులో మోకాటి లోతు బురదలో నిలబడి గుల్లలు ఏరుకునే ఆడవాళ్లున్నారు. నాలుగు నెలలు నీళ్ల నమూనాలకి సీసాలు పట్టుకుని వాళ్ల వెంట తిరిగాను. వాళ్లలో పెద్దావిడని అందరూ పెద్దమ్మ అంటారు, నేనూ అలాగే అన్నాను. ఒకరోజు చీర పైకి మడిచి పిక్కలు చూపించింది. ఎర్రగా, గోకి గోకి పొక్కిపోయి ఉన్నాయి. “పెద్ద పోటు రోజుల్లో ఏమీ ఉండదమ్మా. చిన్న పోటు రోజుల్లో నీళ్లు ఎటూ పోవు, ఇక్కడే చతికిలబడతాయి. ఇప్పుడున్న పిల్లకాలవ మురుక్కే ఇలా అయ్యాయి కాళ్లు. ఊరంతా తెచ్చి పోస్తే ఇంకేమన్నా ఉందా?” సారుకి చెబితే, “దురద డేటా కాదమ్మా,” అన్నాడు. ఆ దురదని డేటాగా మార్చాలనే ఈ పాట్లన్నీ పడ్డాను.

“ఏం చేశారత్తయ్యా!” అని అరిచాను. పద్నాలుగేళ్ల కాపరంలో ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. ఆ అరుపుకి మా ఆయన నిద్ర లేచి వచ్చాడు.

“అమ్మకేం తెలుసు? కావాలని చేసిందా? మళ్లీ నొక్కు, అదే నడుస్తుంది. ఇంతోటి దానికి ముసలావిడ మీద విరుచుకుపడాలా?”

“రేపు పదకొండింటికి అందదండీ.”

“అందకపోతే మీ సారు చూసుకుంటాడు. ఆ గొట్టాన్ని నువ్వేమన్నా నెత్తిన మోస్తున్నావా?”

అత్తయ్య మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. “చదువుకున్నదాన్ని కాను, తెలియక చేశాను,” అని ఒకటే ఏడుపు. అది నాటకమైతే బాగుండును, కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఆవిడ జీవితమంతా ఖాళీ గదుల్లో దీపాలు ఆర్పుతూ గడిచింది. పని అంటే మనిషి దాని మీద వంగి ఉండాలి ఆవిడ లెక్కలో. ఎవరూ వంగి లేనిది పనెలా అవుతుంది? లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, స్విచ్ మీద ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించి, కంచం పట్టుకెళ్లి ఆవిడ మంచం అంచున కూచున్నాను. “పర్లేదత్తయ్యా, మళ్లీ చేసుకోవచ్చు. లేచి తినండి,” అని బతిమాలాను. నాలుగు ముద్దలు తిన్నది. “అదీ,” అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి, ఏదో తనే చక్కబెట్టినట్టు. ముప్పై ఎనిమిది గంటలు పోగొట్టుకున్నదాన్ని నేను, ఓదార్పు మాత్రం ఆవిడకి.

సాయంత్రం సారుకి ఫోన్ చేశాను, మీటింగు రెండు రోజులు వాయిదా వేయించమని.

“ఎందుకమ్మా?”

మా అత్తయ్య స్విచ్ తీసేసిందన్న మాట నోటి దాకా వచ్చింది. చెబితే నవ్వుతాడు. ఇక ఏడాది పొడుగునా ఆఫీసులో టీ వేళకి అదే కథ. నా ఇంటి పరువు నేను కాపాడుకున్నాను.

“కరెంటు పోయింది సార్.”

“నీ ఇంటి కరెంటు కోసం కమిటీ ఆగుతుందా ఎక్కడైనా? రేపు వచ్చి కూచుని, బొమ్మలు తిప్పుతూ ఉండు చాలు.”

సోమవారం బస్సులో ఒక నిర్ణయానికి వచ్చాను. నేను బయల్దేరే వేళకి లెక్క ఇంకా పదిహేనో రోజు దగ్గరే ఉంది, నాకు కావలసిన రోజులు రానే లేదు. కానీ నివేదిక రాసింది నేను. దాని మీద సంతకం పెట్టను. అదొక్కటైనా నా చేతిలో ఉంది కదా అనుకున్నాను. ఆ నాలుగు మాటలూ దిగేదాకా వల్లించుకున్నాను.

మీటింగు హాల్లో నేను బొమ్మలు తిప్పాను, సారు మాట్లాడాడు. తెర మీద నదంతా నీలం. శుభ్రమైన నీళ్లకి మేం వేసే రంగు అది. “భేష్!” అన్నాడు కమిటీ అధ్యక్షుడు. గుల్లల ఆడవాళ్లు ఆరేడుగురు వచ్చారు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. పెద్దమ్మ తెర చూడలేదు, నన్నే చూసింది. టీలు వచ్చాయి. నివేదిక సంతకానికి వచ్చింది. లేచి నిలబడ్డాను.

“సార్, దీని మీద నేను సంతకం పెట్టను.”

సారు ఆఖరి పేజీ నా వైపు తిప్పాడు. అక్కడ ఉన్నది ఒకే గీత, దాని కింద ఒకే పేరు, ఆయనది. “నిన్నెవరు పెట్టమన్నారమ్మా?” అన్నాడు. ఎగతాళి కూడా లేదు ఆ మాటలో, ఇల్లు తప్పి వచ్చిన మనిషికి దారి చెప్పినట్టు అన్నాడు. పదకొండేళ్లుగా నివేదికలు నేనే రాస్తున్నాను. ఆఖరి పేజీ ఆయన చేర్చుకునేవాడు. అది చూసే తీరిక నాకెప్పుడూ లేకపోయింది, ఆ వేళకి ఇంటికి పరుగెత్తేదాన్ని.

“నెల రోజుల లెక్క ఇంకా పూర్తి కాలేదండీ. చిన్న పోటు రోజులు ఇందులో లేవు,” అన్నాను అధ్యక్షుడితో. ఆయన సారు వైపు చూశాడు.

“నిన్న వాళ్లింట్లో కరెంటు పోయిందిట,” అన్నాడు సారు.

అందరూ నవ్వారు. నేను చెప్పిన అబద్ధమే నాకు అడ్డం పడింది. దాన్ని కాదని నిజం చెబితే ఇంకా గట్టిగా నవ్వుతారు. నేనింకా నిలబడి ఉండగానే సారు సంతకం అయిపోయింది. నా టీ చల్లారిందని ఎవరో గుర్తుచేశారు.

బయట మెట్ల మీద ఆడవాళ్లు నా కోసమే ఆగారు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను.

“చిన్న పోటు రోజుల్లో మాత్రం నీళ్లలోకి దిగకండి పెద్దమ్మా,” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. చెయ్యి విడిపించుకోనూ లేదు.

“మాకు తెలిసిందే మాకు చెప్పడానికా అమ్మా, నాలుగు నెలలు మా వెంట తిరిగావు?” అంది. “వాళ్లకి చెబుతావనుకున్నాం.”