కదలని బండిలో ప్రయాణికుడు

దస్తగిరి కిటికీ పక్క సీట్లో నడుముకు బెల్టు బిగించుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కింద డీజిల్ ఇంజను గుర్రుమంటోంది. పెట్టె ఎడమకు వంగింది. లేచింది. కుడికి వంగింది. కిటికీలోంచి చూస్తే మాత్రం ఎప్పుడూ ఉండే రేకుల గోడే.

పొట్టకూటికి వచ్చిన పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్‌లోని ఆ షెడ్డులో రైలు పెట్టె ఒకటి ఇనపకాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ఎక్కడో కొండల దేశంలో, కరెంటు తీగలు లేని పాత చిన్న లైన్ల మీద తిరగాల్సిన బండి అది. మలుపు వస్తే సైకిలు తొక్కేవాడిలా తనే లోపలికి వంగుతుంది, వేగం తగ్గించే పనిలేదు. వంగడానికేం, బాగానే వంగుతుంది. లోపలున్నవాడి కడుపు ఒప్పుకోవద్దూ! ఆ కడుపు దస్తగిరిది. కూర్చోవడం, వంగడం, దిగి ఎలా ఉందో చెప్పడం. అంతే ఉద్యోగం.

అతనిది గుంతకల్లు, రైళ్ళు కూత వెయ్యకపోతే పిల్లలకు నిద్రపట్టని ఊరు. ఫోను చేసినప్పుడల్లా, తను రోజూ కొండలెక్కే బండిలో పోతున్నాననీ, మబ్బులు లోపలికొచ్చి పక్క సీట్లో కూర్చుంటాయనీ, టిక్కెట్టు అడిగితే దిగిపోతాయనీ భార్యకు చెబుతాడు. బెల్టు సంగతి చెప్పడు. గోడ సంగతి అసలే చెప్పడు.

పొట్టి మనిషి. ఊగీ ఊగీ మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. అన్నం వరసలో నిలబడ్డా ఒరుగుతూనే ఉంటాడు, మీద పడతాడేమోనని వెనకవాడు జరుగుతాడు. సెలవురోజు సెరంగూన్ బజారుకు వెళ్ళే రైల్లో మలుపు రాకముందే దస్తగిరి వంగుతాడనీ, అది చూసుకునే డ్రైవరు మలుపు తిప్పుతాడనీ షెడ్డులో చెప్పుకుంటారు.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. ఆ కడుపు ఎప్పుడో కుదుటపడింది. 'బాగుంది' అంటే పరీక్ష ముగుస్తుంది, ఇక్కడ పనిచేసే పర్మిట్ రద్దవుతుంది, ఇంటికి పొమ్మంటారు. 'వాంతొస్తోంది' అంటే పనికిరాడని ఇంకా ముందే పంపేస్తారు. అందుకని దిగిన ప్రతిసారీ 'కొంచెం తిప్పింది' అంటాడు. ఊళ్ళో కూతురు హాజరా నర్సు చదువు పూర్తి కావాలి. అందాకా ఆ 'కొంచెం' లోనే అతని కాపురం.

ఆ 'కొంచెం' పట్టుకుని కీర్తిక రోజూ పెట్టె కింద దూరి, దాన్ని వంచే జాకీలు విప్పి మళ్ళీ బిగిస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన ఇంజనీరు పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది. బండిని వంచే పనంతా ఆమెదే.

ఇంజను ఆగింది. మేనేజరు జనార్దనరావు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఏవయ్యా దస్తగిరీ, నీ కడుపులోంచి మంచి మాట కాన్పవడానికి ఇంకెన్నాళ్ళోయ్? ఇవాళ కూడా తిప్పిందంటే ఆ జాకీలన్నీ పీకించేసి మామూలు పెట్టెగా పంపేస్తాం. ఈ అమ్మాయిని వేరే పనిలో పడేస్తాం. నీకేం బెంగ లేదులే. పక్క షెడ్డులోకి కొత్త పెట్టె వస్తోంది. వాళ్ళకి నీలాంటి కొంచెం తిప్పే కడుపే కావాలట."

దస్తగిరి బెల్టు విప్పబోయి ఆగాడు. ఒక్క మాట. ఎప్పుడూ అనే మాటే. అంటే హాజరా చదువు గట్టెక్కుతుంది. తను మరో పెట్టెలో మరో గోడ చూస్తూ కూర్చుంటాడు.

కీర్తిక గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. ఎంత తుడిచినా గోళ్ళలో నలుపు పోవడం లేదు.

"ఓకే లా అంకుల్, చెప్పేయండి. నేనేం అనుకోను. మళ్ళీ కొంచెమా?"

"ఏం ల్యాదుమ్మా," అన్నాడు దస్తగిరి. "నీ బండి ఉయ్యాల మాదిరి ఉండాది. పోయిన రంజాన్ కాడ్నుంచే నాకేం తిప్పల్యా. నా కూతురు సదువు కోసం అట్ల చెప్తా వచ్చినా."

గుడ్డ కిందపడింది.

"వాట్ లా అంకుల్! నేను రోజూ దీని కిందే పడుకుని చస్తున్నా!"

"తెల్సు. ఈ కిటికీలోంచి కిందికి చూస్తే నీ బూట్లు కనపడ్తాండె. ఇంక చూల్యాకపోయినా."

ఆమె మెట్టు మీద కూలబడింది. తిట్టాలో నవ్వాలో తెలియక మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. జనార్దనరావు ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు, బండి పాసయిందని చెప్పడానికీ, మనిషి అక్కర్లేదని చెప్పడానికీ.

ఆ వారంలోనే దస్తగిరి వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో చదునైన నేల మీద ఒరుగుతూ నడుస్తుంటే, పోలీసొకడు తాగాడేమోనని నోరు వాసన చూశాడట.

పెట్టెను ఓడెక్కించడానికి టార్పాలిన్ కప్పబోతుంటే కీర్తిక చివరిసారి లోపలికెక్కింది. ఈ ఊళ్ళో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కుర్చీ మీద 'ఇది నాది' అన్నట్టు టిష్యూ పొట్లం పెట్టి పోతే, ఎంత ఆకలిగా ఉన్నవాడైనా ఆ కుర్చీ జోలికి రాడు. ఊడ్చేవాళ్ళు సీట్లన్నీ తుడిచి, ఒక్కటి వదిలేశారు. దస్తగిరి కూర్చునే కిటికీ పక్క సీటు నడిమధ్యన, ఏ పక్కకూ ఒరగకుండా, ఇంకా విప్పని టిష్యూ పొట్లం ఒకటి ఉంది.