దేవదాస్ కట్టిన తాడు

షార్జా లేబర్ క్యాంపులో ఆ గదిలోని ఆరుగురూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్లే. ఎవరు ఊరికి పోయినా మిగతా ఐదుగురి పొట్లాలు వాళ్ల పెట్టెలోనే పోతాయి. అట్లా పోవాలని ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు. కొండగట్టు దగ్గరి రాజం ఈ నాలుగేళ్లలో భార్య జమునకు పంపినవన్నీ అట్లా పోయినవే.

ఇప్పుడు రాజం వంతు. రేపు పొద్దున విమానం. మధ్యాహ్నం గదిలో ఒక్కడే ఉండి అట్టపెట్టెను కాంటాకు వేలాడదీశాడు. ముప్పై రెండు కిలోలు. ముప్పై దాటితే ఎయిర్‌పోర్టులో విప్పిస్తారు. ఏం తీయాలి? దుప్పటి జమున అడిగింది. ఇస్త్రీపెట్టె బామ్మర్దికి. దాని పక్కనే దేవదాస్ పొట్లం. బెల్లంపల్లిలో ఉన్న తల్లికి మోకాళ్ల పట్టీలు, నొప్పుల నూనె, ఖర్జూరాలు. రాజంకు బరువు కావద్దని నూనె సీసాల అట్టలు కూడా తీసేసి, పాత లుంగీ ముక్కలో చుట్టి ఇచ్చాడు.

రాజం ఆ పొట్లం తీసి తన పరుపు కింద పెట్టాడు. ఎయిర్‌పోర్టులో తీయించారని దేవదాస్‌కు ఫోన్లో చెప్పొచ్చు. పొట్లం సంగతి పొద్దున చూసుకోవచ్చు. అంతకుమించి ఆలోచన సాగనివ్వలేదు.

మూడింటికి దేవదాస్ వచ్చాడు. గదిలో ఎవరి పెట్టెకైనా తాడు కట్టేది అతనే. అందుకే డ్యూటీలో అరపూట అడుక్కొని వచ్చాడు.

"నువ్వు కట్టలే గదనే అన్నా? నువ్వు గడితె హైదరాబాద్‌ల తాడొక్కటే దిగుతది."

రాజం నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

దేవదాస్ పెట్టె మీద మోకాలు ఆనించి, నైలాన్ తాడును నిలువునా అడ్డంగా లాగి, జానెడుకొక ముడి వేశాడు. కాంటాకు తగిలించి చూశాడు. "సరిగ్గ ముప్పై. ఇగ ఫికర్ లేదు." అట్లనే తల్లికి ఫోన్ కలిపి రాజం చేతికిచ్చాడు.

"బిడ్డా," అంది భూమవ్వ. "ఒగల మీద బరువెందుకేసుడురా అని వానితోని అన్న. వాడు వినలే. నువ్వు మా దాక తిరుగుడెందుకు, నేనే బస్సెక్కి మీ ఇంటికొస్త."

"మోకాళ్లెట్లున్నయవ్వా?"

"ఉన్నయి బిడ్డా. నడుస్తనే ఉన్న."

ఫోన్ తిరిగి ఇచ్చి రాజం పెట్టె దగ్గరికి వచ్చాడు.

"కత్తెర తే."

"ఎందుకే అన్నా?"

"తాడు కొయ్యి. నీది లోపల లేదు." పరుపు ఎత్తి చూపించాడు.

దేవదాస్ పొట్లం వంక చూశాడు. కత్తెర తేలేదు. కింద కూర్చుని, గోళ్లతో ఒక్కో ముడీ విప్పసాగాడు. గట్టిగా బిగించిన ముళ్లు. కట్టినదానికంటే ఎక్కువ సేపు పట్టింది. సాయం చేద్దామని రాజం వంగితే, "ఆగు, నీకు రాదు," అన్నాడు, తల ఎత్తకుండానే.

రాజం ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాడు. పొట్లం లోపల పెట్టాడు. దేవదాస్ మళ్లీ మొదటినుంచి తాడు చుట్టాడు. చివరి ముడి వేశాక గూట్లోంచి మార్కర్ తెచ్చి రాజం ముందు పెట్టాడు.

"ఇస్త్రీపెట్టె మీద నీ బామ్మర్ది పేరు రాయి. వచ్చే నెల నేను పోతున్న గద, పట్టుకపోత."

రాజం మార్కర్ మూత తీశాడు. బామ్మర్ది పేరు రాయడానికి చేయి రాలేదు.