మూల కత్తిరించిన బట్ట

పై వాటా ఆవిడ అన్న మాట ఇస్త్రీ ఆయన చెవిన పడింది. అక్కడ ఆగితే బాగుండేది. ఆయన దాన్ని మోసుకొచ్చి నేరుగా లాయరమ్మ తల్లి కుట్టుషాపులో దించాడు.

"మీ అమ్మాయికి ఉద్యోగమూ లేదు, సద్యోగమూ లేదట. పరీక్ష తప్పి ఇంట్లో కూచుందట. తల్లీకూతుళ్లు బయటికి చెప్పుకోలేక కోటు చూపించి కాలం గడుపుతున్నారట. నేను నమ్మలేదనుకో అక్కా," అంటూ నల్లకోటు కౌంటరు మీద పెట్టాడు. "కానీ ఇది నా దగ్గరికి రావడం మూడోసారి. ఒక్కసారైనా చంకలో చెమట మరక లేదు, మోచేతి దగ్గర నలగలేదు. పెట్టెలో పడ్డ ముడతలే తీస్తున్నా నేను."

మిషను ముందు కూర్చున్న తల్లి పెదాల మధ్య నుంచి గుండుసూది తీసింది.

"నీకు ఇస్త్రీ చెయ్యమని ఇచ్చానా, పోలీసు పని చెయ్యమని ఇచ్చానా?"

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. లోపలి గదిలో చొక్కాకి బొత్తాలు కుడుతున్న కూతురు మాత్రం నవ్వలేకపోయింది. పై వాటా ఆవిడది పచ్చి అబద్ధమే. ఇస్త్రీ ఆయనది మాత్రం అక్షరాలా నిజం.

ఆమె అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. లా కాలేజీలో చేరిన రోజే లాయరమ్మ అన్నారు, అదే ఖాయమైంది. ఆఖరి సంవత్సరంలో ఉండగానే నగరంలోకెల్లా పెద్ద లా ఫర్మ్ వాళ్లు వచ్చి, పదకొండు మందిని ఏరుకుని వెళ్లారు. అందులో ఈమె ఒకతె. జూన్ ఒకటిన చేరమన్నారు. తల్లి మంచి గుడ్డ తెచ్చి, రెండు రాత్రులు కూర్చుని కోటు కుట్టింది. ఇస్త్రీకి వెళ్లొచ్చింది. మే నెలాఖరున ఉత్తరం వచ్చింది, చేరిక సెప్టెంబరు పదిహేనుకి మారిందని. సెప్టెంబరు దగ్గరపడ్డాక ఇంకో ఉత్తరం వచ్చింది, జనవరి రెండు అని.

రెండుసార్లూ తల్లి ఫర్మ్ వైపే మాట్లాడింది.

"స్కూళ్లు తెరిచే ముందు యూనిఫారాలు గుట్టలు పడితే నేను మాత్రం శుక్రవారం రమ్మననా? శుక్రవారం వస్తే సోమవారం అననా? అంతమాత్రాన వాళ్ల బట్ట మింగేశానా?"

"నీకు పని ఎక్కువై అమ్మా. వాళ్లకి పని లేక," అంది కూతురు. "కంపెనీలు ఒకదాన్నొకటి కొనడం, అమ్మడం ఆపేశాయి. ఇక కాయితాలు రాయించుకునేదెవరు? లోపలున్న వాళ్లే గోళ్లు గిల్లుకుంటున్నారు, కొత్తవాళ్లని ఏం చేసుకుంటారు?"

"ఏదైతేనేం, రావద్దని అనలేదుగా."

అనలేదు. ఆ మాటే పట్టుకుని కూతురు ఏడు నెలలు వేలాడింది. కోర్టు వరండాలో బల్ల వేసుకుని కూర్చునే ముసలి వకీలు తన దగ్గర పనికి రెండుసార్లు రమ్మన్నాడు. అద్దె ఇళ్ల కేసులు నలభై ఉన్నాయి, జూనియరు మానేశాడు, ఆయనకి కళ్లు సరిగా ఆనడం లేదు. రెండుసార్లూ వినయంగానే కాదంది. "ఆలోచించుకో పిల్లా. వచ్చే సోమవారం దాకా చూస్తా. తర్వాత ఇంకో అమ్మాయి వస్తానంటోంది," అన్నాడాయన మొన్న రెండోసారి.

ఇస్త్రీ ఆయన వచ్చిపోయిన మధ్యాహ్నమే మూడో ఉత్తరం దిగింది. కూతురు చదివింది. పరిస్థితులు అనుకూలించగానే కబురు చేస్తారట. అప్పటిదాకా ఇంకెవరి దగ్గరా పని చెయ్యనని, జత చేసిన పత్రం మీద శుక్రవారం ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టాలట. పెట్టకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనట.

"తేదీ ఏదీ?" అంది తల్లి.

"లేదు."

మిషను ఆగిపోయింది. ఇన్నాళ్లూ వాళ్లని వెనకేసుకొచ్చిన మనిషి కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఒక సంగతి చెప్తా, ఎక్కడా అనకు. పని అందుకోలేనని తెలుస్తూనే ఉంటుంది. అయినా బేరం పక్క షాపుకి పోనివ్వబుద్ధి కాదు. అప్పుడు కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ, బట్ట మూల ఇంత ముక్క కత్తిరిస్తా. కత్తెర పడ్డ బట్టని ఇంకో దర్జీ ముట్టుకోడు. ఇక నేను ఎప్పుడంటే అప్పుడే వాళ్లు రావాలి. నాకు పని నేర్పిన ముసలాయన చెప్పిన కిటుకు ఇది." ఉత్తరం వైపు గడ్డం ఎత్తి చూపించింది. "వీళ్లూ అదే నేర్చుకున్నారు. కాకపోతే కత్తెర నీ చేతికే ఇస్తున్నారు."

"నాకు అక్కడే చేరాలనుందమ్మా."

"ఉంటుంది. ఉండదని ఎవరన్నారు? వెళ్లు. తేదీ అడుగు. అంతకుమించి ఒక్క మాట కూడా అడక్కు."

శుక్రవారం లాయరమ్మ ఆ కోటు మొదటిసారి తొడుక్కుంది. బస్సులో నిలబడి వెళ్లేసరికి మోచేతుల దగ్గర నలిగింది.

తొమ్మిదో అంతస్తు. నడవా పక్కన అద్దాల వెనక కొత్త బల్లలు వరసగా ఉన్నాయి, కుర్చీలకి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. చివరి నుంచి మూడో బల్ల మీద అట్టముక్క, దాని మీద తన పేరు. అచ్చువేసిన తన పూర్తి పేరు. ఆమె కాళ్లు అక్కడ ఒక్క క్షణం ఆగాయి. వీధిలో ఎవరూ పిలవని పేరు, ఇక్కడ దాన్ని అచ్చు వేయించి పెట్టారు.

ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ నవ్వుతూ కుర్చీ చూపించింది. పక్కన ఒక సీనియర్ లాయరు ఫోను చూసుకుంటున్నాడు. బల్ల మీద పత్రం, దాని మీద మూత తీసిన పెన్ను సిద్ధంగా ఉన్నాయి.

"మిగతా పదిమందీ సంతకం చేసేశారమ్మా. ఇది వాయిదా మాత్రమే, రద్దు కాదు."

"ఏ తేదీకి అండీ?"

"తేదీ ఇప్పుడే చెప్పలేం. కబురు చేస్తాం."

"అప్పటిదాకా నేను ఎక్కడా పని చెయ్యకూడదు."

"కబురు చేసేదాకానే కదా."

లాయరు ఫోను మీద నుంచి తల ఎత్తాడు. "యాభై ఏళ్ల ఫర్మ్ ఇది. మా మాట మీద నమ్మకం లేదా?"

అద్దాల అవతల అట్టముక్క కనిపిస్తూనే ఉంది. లాయరమ్మ పెన్నుకి మూత పెట్టి, పత్రం మీద అడ్డంగా పడుకోబెట్టి, రెండూ కలిపి వాళ్ల వైపు తోసింది.

"మా అమ్మ బట్టలు కుడుతుందండీ. కుట్టివ్వదలుచుకుంటే తేదీ చెబుతుంది. ఇవ్వలేనని తెలిస్తే మూల కత్తిరిస్తుంది. మీరు తేదీ రాయండి, ఇక్కడే సంతకం పెడతాను. రాయలేకపోతే సోమవారం నుంచి నాకు పనుంది."