ఊయల కింద వాసన

మా కొండల ఊరు నరీన్‌లో కోడలికి నోరుండదు. బిడ్డని ఊయలలో వేసే రోజైతే అసలే ఉండదు. ముందు పెద్ద ఆడవాళ్లు ఘాటు వాసన వేసే ఆర్చా చెట్టు కొమ్మ ముట్టించి ఊయలంతా పొగ పట్టిస్తారు, దిష్టి పోవాలని. బిడ్డ తల్లి ఓ మూల తల వంచుకుని నిలబడాలి. బళ్లో తరగతినంతా ఒక్క చూపుతో కూర్చోబెట్టే నేను కూడా అలాగే నిలబడ్డాను.

"ఏదో కంపు కొడుతోందే," అంది మా అత్తయ్య చెల్లెలు తుర్సున్. "నీ మనవడు ఘనకార్యం చేసినట్టున్నాడక్కా."

అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

"పాడు కళ్లు పడ్డాయి, అదీ ఆ కంపు. అందుకే ముందు పొగ వెయ్యాలి. నువ్వు బిడ్డని కింద పడుకోబెట్టవే, నేను ముట్టిస్తా."

ఉన్ని తివాచీ మీద మా బాబు ఎల్దియార్‌ని దించడానికి వంగాను. నిలబడ్డప్పుడు లీలగా తగిలిన వాసన, వంగేసరికి ముక్కు పగిలేలా కొట్టింది.

ఏటా నేను చెప్పే పాఠమే. రాయిలో కణాలు ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి, నీళ్లలో ఒకదాని మీదొకటి జారతాయి, వాయువులో మాత్రం ఎవరి మాటా వినకుండా గదంతా పరుగులు పెడతాయి. వంటింటి తలుపు వేసి ఉన్నా కింద సందు చాలు. పొయ్యి గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. అదిప్పుడు నా బిడ్డ పడుకోబోయే చోటే ఉంది.

"అత్తయ్యా, వద్దు," అన్నాను.

ఆమె అప్పటికే అగ్గిపుల్లని పెట్టెకి ఆనించింది. బిడ్డని చంకనేసుకుని, రెండూ ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను.

"పెద్దదాని చేతిలోంచి లాక్కుంటావటే? సిగ్గులేదూ?" అంది తుర్సున్.

"గ్యాసు పిన్నీ, గ్యాసు. అందరూ బయటికి నడవండి. ఎవరూ స్విచ్చి ముట్టుకోకండి." తిట్టినట్టే అన్నాను.

నా కేక విని పరిగెత్తుకొచ్చి, కిటికీలన్నీ తెరిచి, సిలిండరు కట్టేసి వచ్చిన మా ఆయన మొహంలో రక్తం లేదు. "పాలు పొంగి మంట ఆరిపోయింది. పొయ్యి మీట తిప్పే ఉంది," అన్నాడు.

సాయంత్రం ఊయలని పెరట్లో పెట్టారు. అత్తయ్య పుల్ల గీసింది, విరిగింది. ఇంకోటి గీసింది. అదీ విరిగింది. పెట్టె నా చేతిలో పెట్టి, "నువ్వు ముట్టించు తల్లీ," అంది.

అత్త ఉండగా కోడలు ముట్టించే కొమ్మ కాదది. తుర్సున్ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. పెట్టె తెరిచాను గానీ, బిడ్డ పక్కన నిప్పు గియ్యడానికి నాకూ మనసు రాక మళ్లీ మూసేశాను.

చివరికి ఎల్దియార్‌ని పొగ లేకుండానే ఊయలలో పడుకోబెట్టాం.