సూర్యం దోనె

కూర్మయ్యకి ఎవరి మీదా ఓ పట్టాన నమ్మకం కుదరదు. వాన పడుతుంటే చూరు కిందనుంచి చెయ్యి చాపి చూసుకుని గాని తాటాకు గొడుగు తియ్యడని వాళ్ళావిడ బొడ్డమ్మ ఎగతాళి చేసేది. అలాంటి మనిషి ఇరవై ఏళ్ళుగా ఒక్కణ్ణి మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు. అతను బొడ్డమ్మ అన్న సూర్యం. నమ్మక తప్పదు మరి, వాళ్ళిద్దరూ చేపలు పట్టే సంగడి అలాంటిది.

సంగడి అంటే రెండు తాటిదోనెలు. తాటిమాను చీల్చి, లోపల తొలిచి, రెండింటిని పక్కపక్కన పెట్టి ఉద్దానం కొబ్బరిపీచు తాడుతో కడతారు. ఒంటి దోనె మీద నిలబడితే అది దొర్లిపోతుంది, మనిషి నీళ్ళలో ఉంటాడు. వీళ్ళ సంగడిలో ఎడమ దోనె కూర్మయ్య తాత నాటిన చెట్టుది, కుడి దోనె సూర్యం మిరపమళ్ళ గట్టు మీద చెట్టుది. ముందు ముడి కూర్మయ్య వేస్తాడు, వెనక ముడి సూర్యం వేస్తాడు. ఒకడి ముడి ఇంకొకడు ముట్టుకోకూడదు, అది కులకట్టు. ముడి విప్పుకుని దోనె తీసుకుపోయాడంటే పొత్తు తెగిపోయినట్టే. పెద్దల్ని పిలవనక్కర్లేదు, మాటలూ అక్కర్లేదు.

పలాసకి మూడు కోసుల దూరంలో ఉన్న నల్లసాగరం పేరుకే సాగరం గాని, అది జమీ వారి మంచినీటి చెరువు. ఈ చివర కూర్మయ్య ఊరు, ఆ చివర సూర్యం ఊరు. రైలు వంతెనలు చూసుకునే తెల్లదొర ఒకడు కిందటి శీతకాలంలో అక్కడ దిగి, వీళ్ళ సంగడి ఎక్కి, కొత్తరకం వేట ఒకటి చూపించాడు. వల లేదు, ఎర లేదు. చెంచా గుంటలా వంచిన ఇత్తడి రేకు, దాని తోకన గాలం. తాడు ముప్పై బారలు వెనక్కి వదిలి సంగడి నెమ్మదిగా నడుపుతూ పోతే, ఆ రేకు నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది. పారిపోతున్న చిన్న చేపనుకుని పెద్ద వాలుగ చేప వచ్చి మింగుతుంది. దొర మూడు వాలుగలు పట్టి, వెళ్ళేటప్పుడు ఒక చెంచా కూర్మయ్య చేతిలో పెట్టాడు. తాడుకీ చెంచాకీ మధ్య ముక్కుపుడకంత ఇత్తడి వస్తువేదో ఉండేది, అది మాత్రం విప్పి జేబులో వేసుకున్నాడు. దొర సింగారాలు మనకెందుకని కూర్మయ్య అడగలేదు.

ఈ ఏడు పుష్యంలో జమీ గుమాస్తా అప్పలనరసింహం గట్టు మీదకొచ్చి కబురు చెప్పాడు.

"ఒరే కూర్మయ్యా, మాఘంలో దొర మళ్ళీ వస్తున్నాడు. మీ పడవలో కూర్చుని వాలుగ పట్టాడా, సాగరం మీద హక్కు మీదే. వట్టి చేతుల్తో దిగాడా, ఇచ్ఛాపురం గుత్తదారు కాచుకుని ఉన్నాడు. అతనికి ఇచ్చేస్తారు. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవకండి."

ఆ నీళ్ళే వాళ్ళ పొలం, అవి పోతే రెండు ఇళ్ళలో పొయ్యి వెలగదు. బావలిద్దరూ ఆ రోజే పనిలోకి దిగారు. బొడ్డమ్మ జనపనార తీసి, తొడ మీద పేని, ముప్పై బారల తాడు చేసింది. సూర్యం దోనెలోనే తుమ్మబెరడు కషాయం పోసి, దాన్ని రెండు రోజులు నానబెట్టి నీడన ఆరేశారు. సంగడి వెనక వెదురుకర్ర అడ్డంగా కట్టి, తాడు జారడానికి దానికొక గాడి కోశారు. చెంచా అడుక్కి దిగడానికి బారెడు ముందు సీసం ముక్క కట్టారు. ముందు కూర్మయ్య తెడ్డు వేస్తాడు, వెనక సూర్యం తాడు పట్టుకుంటాడు.

మొదటిరోజు మధ్యాహ్నానికి తాడు ముడతలు పడి, ముడుచుకుని, కోడిపేగుల్లా తయారయింది. పేనిన పేట విడిపోయి నార పైకి తేలింది. చేప లాగగానే తెగింది. చేప వదిలేసిన చెంచా ఒడ్డున గడ్డిలో చిక్కుకోబట్టి దొరికింది. రెండోరోజు కొత్త తాడుకీ అదే గతి పట్టింది, మూడోరోజూ మార్పు లేదు.

కూర్మయ్య తాడు వేళ్ళ మధ్య పెట్టి చూశాడు. అది అరిగిన తాడు కాదు. ఎవరో కావాలని పేట విప్పిన తాడు. బొడ్డమ్మ పేనితే ఏనుగు లాగినా విడిపోదు. మరి ఎవరు విప్పారు? తాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది.

ఛ, అనుకున్నాడు. అనుకున్నాక అన్నం సయించలేదు.

ఆ వారంలోనే, పలాసలో వీళ్ళ చేపలు అమ్మే పైడమ్మ గంప దించుతూ ఊరకే అంది, "మీ బావ పలాస టేసను కాడ ఎవడో టోపీ మడిసితో గుసగుసలాడతన్నాడు. సుట్టరికమేటి?"

టోపీ మనిషి అంటే గుత్తదారు మనిషే అయి ఉండాలి. ఇంకెవరవుతారు? కూర్మయ్య మర్నాడు సంగడిలో మామూలుగానే అడిగినట్టు అడిగాడు.

"నిన్న ఎక్కడికెల్లావు బావా?"

"ఊరికినే ఎల్లాను. అయితే సెప్తాను, అవకపోతే ఎందుకులే," అని సూర్యం నవ్వాడు.

ఆ నవ్వు కూర్మయ్య గుండెలో ముల్లులా దిగబడింది. మంచి మనసుతో నవ్విన నవ్వుకీ, దొంగ నవ్వుకీ తేడా అతనికి తెలియకపోలేదు. కాని అనుమానం పట్టినవాడికి అన్ని నవ్వులూ ఒకలాగే వినిపిస్తాయి.

రెండు రోజుల తర్వాత సూర్యానికి జ్వరం వచ్చింది. కూర్మయ్య బొడ్డమ్మని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. ఉన్నది ఒక్క చెంచా, ఆవిడకి చేతకాక పోగొడుతుందేమోనని దాన్ని దాచి, మామూలు గాలానికి కప్పపిల్లని గుచ్చి లాగించాడు. సాయంత్రం దాకా తిరిగినా తాడు మెలిపడలేదు. పేట చెక్కుచెదరలేదు. కూర్మయ్య దాన్ని చూసి పళ్ళు కొరుక్కున్నాడు. చూశావా, సూర్యం చెయ్యి లేకపోతే తాడు బంగారంలా ఉంది! మారింది మనిషి ఒక్కడే కాదు, చెంచా కూడా అన్నది అతని బుర్రకి తట్టనే లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడన్నది ఇలాంటివాళ్ళని చూసే.

జ్వరం తగ్గి సూర్యం రాగానే కూర్మయ్య రేవులో నిలబెట్టి, చెంబుతో నీళ్ళు పట్టుకున్నాడు.

"సెయ్యి పట్టు. గంగమ్మ మీద పెమానం సెయ్యి. తాడు నాను ఇప్పనేదని సెప్పు."

సూర్యం మొదట నవ్వబోయాడు. బావ మొహం చూసి ఆగిపోయాడు.

"ఏటన్నావు?"

"గుత్తదారు మడిసితో టేసను కాడ ఏటి మాటాడినావో అదీ సెప్పు. మా బొడ్డమ్మ పేనిన తాడు నీ సేతిలోనే ఎందుకు ఇడిపోతంది?"

పొత్తుమనిషి చేతిలో నీళ్ళు పోసి ప్రమాణం అడగడమంటే మొహాన ఉమ్మడం కంటే ఎక్కువ. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. సూర్యం చెయ్యి పట్టలేదు. సంగడి వెనక్కి వెళ్ళి కూర్చుని, నానిపోయిన ముడిని గోళ్ళతో నెమ్మదిగా విప్పుకున్నాడు. దోనె దిగి, ముందు ముడి ముట్టుకోకుండా ఆ కట్టులోంచి దోనెని వెనక్కి జార్చి, దాన్ని తోసుకుంటూ మొలలోతు నీళ్ళలో వాళ్ళ ఊరివైపు పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

దొర రావడానికి ఇంక పన్నెండు రోజులు ఉన్నాయి. కూర్మయ్య ఒంటి దోనెకి వెదుళ్ళు రెండువైపులా కట్టి, అది దొర్లకుండా నిలబెట్టాడు. బొడ్డమ్మ అతనితో మాట్లాడకుండానే తెడ్డు పట్టుకుంది. ఈసారి చెంచా కట్టి, తాడు తన చేతిలోనే పెట్టుకున్నాడు.

జాము తిరక్కుండానే తాడు వేళ్ళ మధ్య పాకడం మొదలుపెట్టింది. కూర్మయ్య బిగించి పట్టుకున్నాడు. ఆగలేదు. అక్కడ నీళ్ళలో చెంచా తిరిగినకొద్దీ ఇక్కడ పేట దానంతట అదే విచ్చుకుంటోంది. కాసేపటికి అదే ముడత, అవే కోడిపేగులు. 

బొడ్డమ్మ తెడ్డు ఆపి, వారం రోజుల తర్వాత మొదటిమాట ఆడింది.

"ఇప్పుడు మా అన్న సెయ్యి నేదు గదా? మరి ఎవులు ఇప్పుతన్నారు?"

కూర్మయ్య చిక్కుపడ్డ తాడు పైకి లాగసాగాడు. ఆవిడ ఆగలేదు.

"మన దూడ రాట సుట్టూ తిరిగితే పలుపు మెలిపడిపోద్దని మద్దిన కర్రముక్క ఏస్తాం. దూడ తిరిగితే కర్ర తిరుగుద్ది, తాడు తిరగదు. దూడకున్న గేనం నీ సెంచాకి నేదా?"

అప్పుడు గుర్తొచ్చింది కూర్మయ్యకి, దొర జేబులో వేసుకున్న ముక్కుపుడక. అది సింగారం కాదు. ఇంటికి పోయి, దూడ పలుపుకున్న కర్రని చూసి, గేదెకొమ్ముతో వేలి కణుపంత ముక్క చెక్కి తాడుకీ చెంచాకీ మధ్య వేశాడు. మర్నాడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిరిగారు. తాడు గీత గీసినట్టుంది. మునిమాపుకి పెద్ద వాలుగ ఒకటి చెంచా మింగి పక్కకి లాగింది. వెదుళ్ళు విరిగి, దోనె దొర్లి, మొగుడూ పెళ్ళాం నీళ్ళలో పడ్డారు. వాలుగ చెంచా ముందరి తాడు కొరికేసి, చెంచా కక్కేసి పోయింది. మునిగి వెతగ్గా వెతగ్గా చెంచా బురదలో దొరికింది.

దొరని ఒంటి దోనెలో కూర్చోబెట్టడం కల్ల. రెండో దోనె కావాలి. అంతకన్నా ముందు, తల వంచి చెప్పుకోవలసిన మాట ఒకటుంది. కూర్మయ్య రాత్రంతా ఆ మాట కూడబలుక్కుని, పొద్దున్నే సాగరం గట్టు మీదుగా నడిచి సూర్యం మిరపమళ్ళకి వెళ్ళాడు.

సూర్యం ఏతం తొక్కుతున్నాడు. కూర్మయ్య దూరం నుంచే గొంతెత్తాడు, దగ్గరికొచ్చాక నోరు రాదని.

"బావా, తాడు దానికదే ఇప్పుకుంటంది! సెంచా తిప్పుతంది. నీ తప్పు నేదు. నాదే, నాదే తప్పు. పెమానం అడిగిన నోరు పడిపోవాల."

సూర్యం తల ఊపాడు. ఏతం బాన పైకొచ్చి ఒరిగింది. నీళ్ళు కింద తాటి కాలవలోంచి జరజరా పోయాయి. కూర్మయ్య చూపు ఆ నీళ్ళ వెంట వెళ్ళింది. కాలవ చివర ఒక ముక్క, దాని కిందకి ఇంకో ముక్క, మళ్ళలోకి దించి ఉన్నాయి. లోపల తుమ్మ కషాయం మరకలు ఇంకా పోలేదు. అంచున, ఇరవై ఏళ్ళు వెనక ముడి వేసిన చోట, తాడు ఒరిసిన గాడి ఉంది.

"దోనె ఎప్పుడు కోసీనావు?" అన్నాడు కూర్మయ్య.

"ఆ రోజు మజ్జానమే. సేను ఎండిపోతంది. అదేమో గట్టు మీద ఊరికినే పడుంది."

సూర్యం ఏతం దిగి, పాక చూరులోంచి సన్నటి ఇనపతీగ చుట్ట తీసి తెచ్చాడు. జానెడు, జానెడున్నర ఉంటుంది.

"ఇది అట్టుకెల్లు. వాలుగకి పల్లున్నాయి, నార కొరికేత్తది. సెంచాకి ముందర ఇది కట్టుకో. టేసను కాడ తీగలేసే టోపీ ఆయన సుట్టూ నాలుగు సార్లు తిరిగితే ఇచ్చాడు. దొరుకుద్దో నేదోనని నీకు సెప్పనేదు."

కూర్మయ్య తీగ అందుకున్నాడు.  కాళ్ళ మీద పడదామనుకున్నాడు, ఒళ్ళు వంగలేదు. ఏడుద్దామనుకున్నాడు, అదీ రాలేదు. చెయ్యగలిగినదల్లా ఆ తీగని పట్టుకుని అక్కడే నిలబడటం.

సూర్యం మళ్ళీ ఏతం ఎక్కి, కాసేపు తొక్కి, మళ్ళవైపు చూసి ఆగాడు.

"పక్కకి జరుగు బావా. కాలవలో నిలబడ్డావు, సేనుకి నీలు అందటం నేదు."

కూర్మయ్య గట్టు మీదకి జరిగాడు.